దూరపు కొండా, పెరటి చెట్టా? ఎన్‌బీఏ జట్టు డబ్బు ఎక్కడ పెట్టాలి

2016 జులై 1. అర్ధరాత్రి దాటి కొన్ని నిమిషాలే అయింది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ, అంటే ఒప్పందం ముగిసిన ఆటగాళ్లను ఏ జట్టయినా కొనుక్కోగల బజారు, తలుపు తెరుచుకుందో లేదో, లాస్ ఏంజెలెస్ లేకర్స్ జట్టు టిమోఫే మోజ్‌గోవ్‌కు నాలుగేళ్లకు 6.4 కోట్ల డాలర్లు ఇవ్వబోతోందన్న వార్త వచ్చేసింది. అంతకు రెండు వారాలు కూడా కాకముందే ముగిసిన ఫైనల్స్‌లో క్లీవ్‌ల్యాండ్ కోచ్ అతన్ని దాదాపుగా బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఏడాది తిరిగేసరికి ఆ ఒప్పందం లేకర్స్ మెడకు గుదిబండ అయింది. దాన్ని వదిలించుకోవడానికి మోజ్‌గోవ్‌తో పాటు డీఏంజెలో రసెల్ అనే కుర్రవాణ్ణి కూడా బ్రూక్లిన్‌కు పంపేసింది. ఆ కుర్రవాడు 2019లో ఆల్‌స్టార్ అయ్యాడు.

అదే వేసవిలో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, 60 పేర్లు చదివారు. వాటిలో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ పేరు లేదు. టొరంటో రాప్టర్స్ అతన్ని తీసుకుని, మిసిసాగాలో ఆడే తన అనుబంధ జట్టు రాప్టర్స్ 905కు పంపుతూ, వెనక్కి పిలుస్తూ తయారుచేసింది. 2019 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌లో, టైటిల్ తేలే చివరి క్వార్టర్‌లో అతను 12 పాయింట్లు కొట్టాడు.

ఈ రెండు కథలు పక్కపక్కన పెట్టి చిన్న లీగ్‌లే మేలని తీర్పు చెప్పేయడం తేలిక. నేను ఆ తీర్పు చెప్పడం లేదు. ప్రతి జూన్ నెలాఖరులో ఫోన్లలో మనం వాదించుకునేది ఒకే ప్రశ్న: మన జట్టు పెద్ద పేరు కోసం ఖర్చు పెట్టాలా, ఎన్‌బీఏ అనుబంధ జట్లు ఆడే జీ లీగ్‌లోనో యూరప్‌లోనో ఎవరూ చూడని ఆటగాణ్ణి వెతుక్కోవాలా? జట్టు ఏ స్థితిలో ఉందో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేం. మార్గాలు అయిదు ఉన్నాయి. వాటిని దేనితో కొలవాలో ముందు తేల్చుకుందాం.

## ముందు కొలతలు

జీతాల పరిమితిలో వాటా. డాలర్ల అంకె చూసి బెదిరిపోకండి, మురిసిపోకండి. అది పరిమితిలో ఎంత శాతమో చూడండి. 2025-26 సీజన్‌కు శాలరీ క్యాప్ 15.46 కోట్ల డాలర్లు. 18.79 కోట్లు దాటితే లగ్జరీ పన్ను. ఆపైన ఏప్రన్లు అనే ఆంక్షల గీతలు: 19.59 కోట్ల దగ్గర మొదటి ఏప్రన్, 20.78 కోట్ల దగ్గర రెండో ఏప్రన్. రెండో గీత దాటిన జట్టుకు చేతులు కట్టేసినట్టే. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడి కోసం మార్పిడి చేసుకోలేదు. కనీస వేతనం కన్నా ఎక్కువ ఇచ్చి బయటి ఫ్రీ ఏజెంటును తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. అందుకే ఈ రోజుల్లో ఒక చెడ్డ ఒప్పందం నష్టం యజమాని జేబుతో ఆగదు, తర్వాత చేయగలిగిన పనులన్నిటినీ ఆపేస్తుంది.

2016లో అంత దుబారా ఎందుకు జరిగిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. కొత్త టీవీ ఒప్పందం డబ్బు ఒక్కసారిగా వచ్చిపడటంతో క్యాప్ 7 కోట్ల నుంచి 9.41 కోట్లకు ఎగబాకింది. అన్ని జట్ల చేతుల్లోనూ డబ్బు, బజారులో సరుకు మాత్రం అంతే. ఇప్పుడు క్యాప్ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదన్న నిబంధన ఉంది. పరిమితి పెరుగుతుంది కదా, తప్పు అందులో కలిసిపోతుందిలే అనుకునే వీలు తగ్గింది.

సంతకం రోజు వయసు, ఒప్పందం ముగిసే రోజు వయసు. అన్ని కొలతల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే. ఫ్రీ ఏజెన్సీలో ధర కట్టేది గడిచిన మూడేళ్ల ఆటకు, జట్టుకు దక్కేది రాబోయే నాలుగేళ్ల ఆట. 26 ఏళ్ల వాడి విషయంలో ఈ తేడా మీకు లాభం, 31 ఏళ్ల వాడి విషయంలో నష్టం.

అతను చేసే పని. ఎన్ని పాయింట్లు కొడతాడన్నది కాదు, బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తాడన్నది. మీ జట్టులో బంతి పట్టుకునేవాళ్లు ఇప్పటికే ఇద్దరుంటే మూడోవాడికి ఇచ్చే డబ్బు సగం వృథా.

మైదానంలో నిమిషాలు. చౌకగా దొరికిన ఆటగాడి అసలు ధర డాలర్లలో ఉండదు, నిమిషాల్లో ఉంటుంది. అతను తప్పులు చేస్తూ నేర్చుకునే ఆ నిమిషాలు ఎవరో ఒకరివి తీసి ఇవ్వాలి. నిమిషాలు ఇవ్వలేని జట్టుకు చవక ఆటగాడు చవక కాదు.

హక్కులు. చాలామంది అభిమానులు మరిచిపోయే సంగతి ఇది. మీ అనుబంధ జట్టులో ఆడుతున్నంత మాత్రాన అతను మీ వాడు కాదు. మామూలు జీ లీగ్ ఒప్పందం మీద ఉన్న ఆటగాణ్ణి ఏ ఎన్‌బీఏ జట్టయినా పిలుచుకుపోవచ్చు. మీరు కూడుపెట్టి పెంచినవాణ్ణి పక్కవాడు తీసుకుపోవడం ఇందులో మామూలే. పై జట్టులోనూ అనుబంధ జట్టులోనూ ఆడించుకునే టూ వే ఒప్పందం ఇస్తే మాత్రం మీ దగ్గరే ఉంటాడు.

## మొదటి మార్గం: గరిష్ఠ ధరకు పెద్ద తార

అనుభవాన్ని బట్టి ఒక ఆటగాడికి క్యాప్‌లో 25, 30 లేదా 35 శాతం వరకే ఇవ్వగలరు. లీగ్‌లో మొదటి ఐదారుగురి ఆట విలువ నిజానికి అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి వాళ్లు గరిష్ఠ ధరకు వచ్చినా చవకగా వచ్చినట్టే. 2010లో లెబ్రాన్ జేమ్స్‌ను తీసుకున్న మయామీకి, 2016లో కెవిన్ డ్యూరంట్‌ను తీసుకున్న గోల్డెన్ స్టేట్‌కు దక్కిన లాభం ఇదే. ఇద్దరూ చెరో రెండు టైటిళ్లు తెచ్చారు.

చిక్కు ఎక్కడంటే, గరిష్ఠ ధర అడిగేవాళ్లు ఐదారుగురితో ఆగరు. ఒకప్పుడు ఆ స్థాయిలో ఉన్నవాళ్లూ అడుగుతారు. 2024లో ఫిలడెల్ఫియా 34 ఏళ్ల పాల్ జార్జ్‌కు నాలుగేళ్లకు 21.2 కోట్ల డాలర్లు ఇచ్చింది. తొలి సీజన్‌లో అతను 41 మ్యాచ్‌లే ఆడగలిగాడు. జోయెల్ ఎంబీడ్ 19 మ్యాచ్‌లకే పరిమితం కావడం కూడా తోడై జట్టు 24 గెలిచి 58 ఓడింది. గాయాలను ముందే ఊహించలేమన్న మాట సగమే నిజం. 34 ఏళ్ల వాడికి నాలుగేళ్లు రాసిచ్చేటప్పుడు గాయాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

నా మాట: లీగ్‌లో మొదటి పదిమందిలో ఉండి, ముప్పై లోపు వయసుంటే కళ్లు మూసుకుని ఇవ్వండి. రెండిట్లో ఒకటి తప్పినా మరోసారి ఆలోచించండి. రెండూ తప్పితే వద్దు.

## రెండో మార్గం: నడిమి ధర

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. 2016లో లువాల్ డెంగ్‌కు లేకర్స్, జోకిమ్ నోవాకు న్యూయార్క్, బిస్మాక్ బియోంబోకు ఒర్లాండో తలా 7.2 కోట్లు, ఇవాన్ టర్నర్‌కు పోర్ట్‌ల్యాండ్ 7 కోట్లు ఇచ్చాయి. అన్నీ నాలుగేళ్ల ఒప్పందాలే. నోవా 2014లో లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడు. న్యూయార్క్ కొన్నది ఆ 2014 నోవాను. వచ్చింది మాత్రం 31 ఏళ్లు నిండి, మోకాళ్లు, భుజం అరిగిన నోవా. రెండో సీజన్‌లో ఏడు మ్యాచ్‌లాడాడు. తర్వాత అతన్ని వదులుకుని, మిగిలిన జీతాన్ని ఏళ్ల తరబడి సాగదీసి చెల్లించాల్సి వచ్చింది. 2021-22 దాకా ఆ పేరు జట్టు లెక్కల్లో ఉంది. డెంగ్ కథ కూడా అచ్చం అలాంటిదే. రెండో సీజన్‌లో అతను లేకర్స్‌కు ఆడింది ఒకే ఒక్క మ్యాచ్.

దూరపు కొండలు నునుపు అన్న సామెత నడిమి ధర ఫ్రీ ఏజెంటుకు సరిపోయినంతగా మరొకరికి సరిపోదు. అతను వేరే జట్టులో మంచి తారల పక్కన ఆడినప్పుడు మనకు నునుపుగా కనిపిస్తాడు. దగ్గరికి వచ్చాక, పక్కన ఆ తారలు లేకపోయాక, రాళ్లూ ముళ్లూ బయటపడతాయి.

అలాగని ఈ మార్గాన్ని పూర్తిగా మూసేయకూడదు. ఇటీవలి కాలంలో అత్యంత లాభసాటి సంతకాలు రెండు ఇక్కడివే. 2022లో జేలెన్ బ్రన్సన్‌కు న్యూయార్క్ నాలుగేళ్లకు 10.4 కోట్లు ఇస్తే ఎక్కువన్నవాళ్లే ఎక్కువ. అప్పుడతనికి 25 ఏళ్లు, డాలస్‌లో లూకా డాన్చిచ్ నీడలో ఆడేవాడు. ఆ నీడ తొలగగానే ఆల్‌స్టార్ అయ్యాడు. 2024లో ఓక్లహోమా సిటీ 26 ఏళ్ల ఐజయా హార్టెన్‌స్టైన్‌కు మూడేళ్లకు 8.7 కోట్లు ఇచ్చి, మరుసటి ఏడాదే టైటిల్ గెలిచింది.

నోవా, డెంగ్‌లను ఒక పక్కన, బ్రన్సన్, హార్టెన్‌స్టైన్‌లను ఒక పక్కన పెట్టి చూడండి. మొదటి ఇద్దరికీ వాళ్లు అప్పటికే చేసి చూపించిన పనికి డబ్బిచ్చారు. రెండో ఇద్దరికీ కొద్ది నిమిషాల్లో చూపించిన పనిని ఎక్కువ నిమిషాలు చేయడానికి డబ్బిచ్చారు. నడిమి ధరకు కొనాలనుకుంటే ఎదుగుతున్న వాణ్ణి కొనాలి. పండి రాలడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి కాదు.

మరో సంగతి. ఆ హార్టెన్‌స్టైన్ 2019లో రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్ తరఫున జీ లీగ్ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. అప్పుడే గట్టిగా పట్టుకుని ఉంటే కనీస వేతనానికే ఉండేవాడు. అయిదేళ్ల తర్వాత అతని కోసం ఏడాదికి దాదాపు 2.9 కోట్లు పెట్టాల్సి వచ్చింది.

## మూడో మార్గం: జీ లీగ్, టూ వే ఒప్పందం

2001లో ఎనిమిది జట్లతో డీ లీగ్‌గా మొదలై, 2017లో పేరు మార్చుకున్న ఈ లీగ్‌లో 2024-25 నాటికి 31 జట్లున్నాయి. 30 ఎన్‌బీఏ జట్లకూ తలా ఒక అనుబంధ జట్టు, అదనంగా మెక్సికో సిటీ. ఆ సీజన్‌లో మామూలు జీ లీగ్ ఆటగాడి జీతం 43 వేల డాలర్లు. టూ వే ఒప్పందం మీద ఉన్నవాడికి ఎన్‌బీఏ కొత్త ఆటగాడి కనీస వేతనంలో సగం, అంటే 2025-26లో 6,36,435 డాలర్లు. ఒక్కో జట్టుకు ముగ్గురు టూ వే ఆటగాళ్లు. వాళ్ల జీతం క్యాప్ లెక్కలోకి రాదు. 50 మ్యాచ్‌ల వరకు ఎన్‌బీఏ జట్టుతో ఉండొచ్చు. ప్లేఆఫ్స్‌లో ఆడించాలంటే మాత్రం మామూలు ఒప్పందానికి మార్చాలి.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో తెలుగువాళ్ల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. డాలస్ అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్ ఆడేది ఆ ఊళ్లోని కొమెరికా సెంటర్‌లోనే. మీరు అక్కడివాళ్లయితే పిల్లలను తీసుకుని ఒక్కసారి వెళ్లండి. కోర్టు పక్కన కూర్చుంటే టీవీలో ఎప్పుడూ చూడనివి కనబడతాయి. మూలలో నిలబడి, రెండు చేతులూ ఛాతీ దగ్గర సిద్ధంగా పెట్టుకుని, పాస్ రాకపోయినా ముఖం చిన్నబుచ్చుకోకుండా వెంటనే వెనక్కి పరుగెత్తే కుర్రవాడు ఒకడుంటాడు. పాస్ రాలేదని చేతులు విదిల్చి నడుచుకుంటూ వెళ్లేవాడూ ఒకడుంటాడు. స్కోరు పట్టికలో రెండోవాడికే పాయింట్లు ఎక్కువ ఉండొచ్చు. పైలీగ్‌కు కావలసినవాడు మొదటివాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న భావన ఈ లీగ్‌ను చాలాకాలం వెంటాడింది. ఆ భావన వదులుకున్న జట్లే బాగుపడ్డాయి. టొరంటో సంగతి చెప్పాను. 2017లో రాప్టర్స్ 905 టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు పాస్కల్ సియాకమ్. రెండేళ్ల తర్వాత అదే సియాకమ్, అదే వాన్‌వ్లీట్ ఎన్‌బీఏ టైటిల్ గెలిచారు. మయామీది ఇంకా ముచ్చటైన కథ. 2023లో తూర్పున ఎనిమిదో స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి వచ్చి ఫైనల్స్ దాకా వెళ్లిన ఆ జట్టులో డంకన్ రాబిన్సన్, మ్యాక్స్ స్ట్రూస్, గేబ్ విన్సెంట్, కేలబ్ మార్టిన్ నలుగురూ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాళ్లు. నలుగురూ మయామీలో టూ వే ఒప్పందం మీద ఉన్నవాళ్లే. తూర్పు ఫైనల్స్‌లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్‌లో మార్టిన్ 26 పాయింట్లు కొట్టాడు.

దాని తర్వాత ఏం జరిగిందో కూడా చూడాలి. ఆ వేసవిలోనే విన్సెంట్ మూడేళ్లకు 3.3 కోట్లతో లేకర్స్‌కు, స్ట్రూస్ నాలుగేళ్లకు సుమారు 6.3 కోట్లతో క్లీవ్‌ల్యాండ్‌కు వెళ్లిపోయారు. పెంచినంత కాలం చవక. పెరిగాక బజారు ధర. అందుకే ఈ మార్గం ఎంచుకున్న జట్టు ఏటా కొత్తవాళ్లను వెతుకుతూనే ఉండాలి. ఒక్కసారి దొరికిన అదృష్టంతో ఇది నడవదు, పొలం పనిలాగా ప్రతి ఏడూ చేయాల్సిందే.

ఇంకో ప్రమాదం, దొరికిన వాడితో ప్రేమలో పడిపోవడం. హసన్ వైట్‌సైడ్ లెబనాన్‌లో, చైనాలో, డీ లీగ్‌లో తిరిగి 2014లో మయామీకి కనీస వేతనానికి దొరికాడు. ఏడాదిన్నరలో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ షాట్లు అడ్డుకున్నాడు. 2016లో అదే జట్టు నాలుగేళ్లకు 9.8 కోట్లు రాసిచ్చింది. ఆ ఒప్పందం ముగియకముందే పోర్ట్‌ల్యాండ్‌కు పంపేసింది. చవకగా కొనడం ఒక విద్య, ఎక్కువ ధరకు మళ్లీ కొనకుండా ఉండటం అంతకన్నా పెద్ద విద్య.

ఎక్కువమంది పైకి రారన్నది కూడా ఒప్పుకోవాలి. పంజాబ్ నుంచి వచ్చిన సత్నామ్ సింగ్‌ను 2015లో డాలస్ 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు మనమంతా పొంగిపోయాం. ఫ్రిస్కోలోని ఆ లెజెండ్స్ జట్టులోనే ఆడాడు, ఎన్‌బీఏ మ్యాచ్ మాత్రం ఆడలేకపోయాడు. అదే ఏడాది భారత మూలాలున్న సిమ్ భుల్లర్ అనుబంధ జట్టు రీనో నుంచి పది రోజుల ఒప్పందం మీద సాక్రమెంటోకు వెళ్లాడు. ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడిగా పేరు నిలిచింది, అతని ప్రయాణం మాత్రం కొద్ది నిమిషాల్లోనే ఆగింది.

## నాలుగో మార్గం: యూరప్

జీ లీగ్‌లో అసలు గెలుపు మీద పట్టుదల కాస్త తక్కువ. ప్రతి ఒక్కరూ పైకి వెళ్లే ప్రయత్నంలో ఉంటారు. యూరప్ పెద్ద క్లబ్‌లు ఆడే యూరోలీగ్‌లో ప్రతి ఓటమికీ లెక్క చెప్పాలి. అక్కడ అయిదేళ్లు నిలబడినవాడికి ఆట తెలుసు. పి.జె. టక్కర్ 2006 డ్రాఫ్ట్‌లో వచ్చి, ఒక్క సీజన్‌కే చోటు పోగొట్టుకుని, ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగి 2012లో ఫీనిక్స్‌కు వచ్చాడు. 2021లో మిల్వాకీ తరఫున టైటిల్ గెలిచాడు.

పాల్ జార్జ్‌ను 21.2 కోట్లకు కొన్న అదే వేసవిలో, అదే ఫిలడెల్ఫియా గెర్షోన్ యాబుసెలెను రియల్ మాడ్రిడ్ నుంచి కనీస వేతనానికి తెచ్చింది. అతను 70 మ్యాచ్‌లాడి సగటున 11 పాయింట్లు కొట్టాడు. ఏడాది తర్వాత న్యూయార్క్ రెండేళ్లకు 1.2 కోట్లు ఇచ్చి తీసుకుపోయింది. ఒకే జట్టు, ఒకే వేసవి, రెండు సంతకాలు.

అయితే అక్కడి తార ఇక్కడా తారే అవుతాడన్న హామీ లేదు. 2023లో యూరోలీగ్ ఉత్తమ ఆటగాడు సాషా వెజెంకోవ్ సాక్రమెంటోకు వచ్చి, ఒక్క సీజన్ తర్వాత ఒలింపియాకోస్‌కు తిరిగి వెళ్లిపోయాడు. అక్కడ ఆట అతని చుట్టూ తిరిగేది, ఇక్కడ అతనికి మిగిలింది మూలలో నిలబడే పని. పైగా మంచి యూరప్ ఆటగాడికి అక్కడే మంచి జీతం ఉంటుంది. పాత క్లబ్‌కు కట్టాల్సిన విడుదల సొమ్ములో పెద్ద భాగం ఆటగాడే భరించాల్సి రావొచ్చు.

## అయిదో మార్గం: ఇతరులు వదిలేసినవాళ్లు

దీని గురించి ఎక్కువ చెప్పక్కరలేదు. అక్టోబరులో జట్లు 15 మందికి కుదించుకునేటప్పుడు బయటపడే పేర్లు చదవండి. 2014లో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ వదిలేసిన జో ఇంగిల్స్‌ను యూటా తీసుకుంది, ఎనిమిదో సీజన్ దాకా దగ్గర పెట్టుకుంది. 2022లో ఫిలడెల్ఫియా వదిలేసిన ఐజయా జోను ఓక్లహోమా సిటీ తీసుకుంది. ఆ సీజన్‌లోనే అతను మూడు పాయింట్ల షాట్లను 40 శాతానికి పైగా వేశాడు. ఖర్చు నామమాత్రం, కావలసినది ఖాళీ చోటొకటి, వేగంగా తేల్చుకునే మనిషొకడు.

## పక్కపక్కన పెడితే

| మార్గం | డబ్బు | ఫలితం ఎప్పుడు | పెద్ద ప్రమాదం | ఎవరికి |
|---|---|---|---|---|
| గరిష్ఠ ధర తార | క్యాప్‌లో 25-35 శాతం | వెంటనే | వయసు, గాయాలు | ఒక్క తార తక్కువైన జట్టు |
| నడిమి ధర | ఏడాదికి 1.5-3 కోట్ల డాలర్లు | మొదటి ఏడాది | గతానికి డబ్బివ్వడం | ఖాళీ క్యాప్ ఉన్న, ఎదుగుతున్న జట్టు |
| జీ లీగ్, టూ వే | చాలా తక్కువ, క్యాప్ లెక్క లేదు | ఒకటి నుంచి మూడేళ్లు | నిమిషాలు, ఓపిక చాలకపోవడం | దాదాపు అందరికీ |
| యూరప్ | కనీస వేతనం నుంచి నడిమి ధర దాకా | మొదటి ఏడాది | పాత్ర మారిపోవడం | అనుభవం కావలసిన గెలుపు జట్టు |
| వదిలేసినవాళ్లు | కనీస వేతనం | నెలల్లో | దాదాపు లేదు | ఖాళీ చోటున్న ఎవరైనా |

## చిన్న లీగ్ అంకెలు చదివే తీరు

జీ లీగ్‌లో సగటున 25 పాయింట్లు కొడుతున్నాడని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. అక్కడ ఆట వేగం ఎక్కువ, రక్షణ పలుచన. పాయింట్లు ఉబ్బుతాయి. మూడు పాయింట్ల షాట్లు ఎన్ని వేస్తున్నాడు, ఎంత దూరం నుంచి, ఎంత తొందరగా వదులుతున్నాడు అన్నవి పైలీగ్‌లోనూ నిలుస్తాయి. బంతి లాక్కోవడం, పాస్‌లకు చెయ్యి అడ్డుపెట్టడం నిలుస్తాయి. బంతి ఎక్కువసేపు పట్టుకుని సృష్టించుకున్న షాట్లు చాలామటుకు నిలవవు, ఎందుకంటే పైన ఆ బంతి అతనికి ఇవ్వరు.

షూటింగ్ చేయి నిజంగా మంచిదో కాదో చెప్పడానికి ఫ్రీ త్రో శాతాన్ని చూసేవాళ్లున్నారు, నేనూ చూస్తాను. కానీ ఒక జాగ్రత్త. 2019-20 నుంచి జీ లీగ్‌లో ఆట చివరి రెండు నిమిషాలు మినహా, రెండు మూడు ఫ్రీ త్రోల బదులు ఒక్కటే వేయిస్తారు. అది పడితే మొత్తం పాయింట్లు వస్తాయి. అంటే ఒక సీజన్‌లో అతను వేసిన ఫ్రీ త్రోల సంఖ్య మామూలు కన్నా బాగా తక్కువ. 50 ఫ్రీ త్రోలు చూసి తీర్పు చెప్పేయకుండా కాలేజీ రోజుల అంకెలు కూడా కలిపి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట అలెక్స్ కరూసోది. 2016లో డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. ఓక్లహోమా సిటీ అనుబంధ జట్టు బ్లూలో ఒక సీజన్ ఆడి, 2017లో టూ వే ఒప్పందంతో లేకర్స్‌కు వెళ్లాడు. జీ లీగ్ ఆటగాళ్లు చాలామంది పైకి ఎందుకు రాలేరో అతను ఒకసారి వివరించాడు. వాళ్లు సంస్థ అధిపతి ఉద్యోగానికి వచ్చామనుకుంటారట, అక్కడ ఖాళీగా ఉన్నది మాత్రం మరుగుదొడ్లు కడిగే పని. కరూసో ఆ పనికే సిద్ధపడి వచ్చాడు. 2020లో లేకర్స్‌తో టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది లేకర్స్ వదులుకుంటే షికాగో నాలుగేళ్లకు 3.7 కోట్లకు తీసుకుంది.

## మీ జట్టు ఏది?

టైటిల్‌కు దగ్గరగా ఉండి, ఏప్రన్ గీతల దగ్గర నిలబడ్డ జట్టు. మీకు నడిమి ధర మార్గం ఎలాగూ మూసి ఉంది. బోస్టన్‌ను చూడండి. శామ్ హౌజర్‌ను 2021లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. టూ వేతో మొదలై, 2022లో మూడేళ్లకు 60 లక్షల డాలర్ల ఒప్పందం పొందాడు. 2024 టైటిల్ జట్టులో ప్రతి రాత్రీ బెంచీ నుంచి వచ్చి షాట్లు వేశాడు. 20 కోట్ల జీతాల పట్టికలో అలాంటి 20 లక్షల పేర్లు మూడు లేకపోతే పెద్ద పేర్లు నిలబడవు. ఈ స్థితిలో మీ డబ్బంతా స్కౌట్లకు, షూటింగ్ కోచ్‌లకు పెట్టండి. వాళ్ల జీతాల మీద ఏ పరిమితీ లేదు.

నలభై గెలుపుల దగ్గర ఏళ్లుగా ఆగిపోయిన జట్టు. ఎంపిక అందరికన్నా కష్టం మీకే. అభిమానులు ఓపిక పట్టరు, యజమాని ఏదో ఒకటి చేయమంటాడు, 31 ఏళ్ల తెలిసిన పేరు ఒకటి బజారులో ఉంటుంది. నాలుగేళ్లు రాసివ్వకండి. ఎక్కువ డబ్బయినా రెండేళ్లకే ఇవ్వండి, లేదా 26 లోపు వయసున్న, మరో తార నీడలో ఉన్నవాణ్ణి వెతకండి.

కొత్తగా కట్టుకుంటున్న జట్టు. మీ దగ్గర ఇతరులకు లేనిది ఒకటుంది: నిమిషాలు. 2019లో ఎవరూ డ్రాఫ్ట్ చేయని లూ డోర్ట్‌ను ఓక్లహోమా సిటీ టూ వేతో తీసుకుని, మొదటి ఏడాదే ప్రత్యర్థి తారల మీద వదిలింది. 2020 జూన్‌లో నాలుగేళ్లకు సుమారు 1.54 కోట్లతో కట్టేసుకుంది. ఆ నాలుగేళ్లు అన్నది గమనించండి. టూ వే నుంచి మార్చేటప్పుడు ఎక్కువ ఏళ్లు రాయించుకోవడంలోనే లాభమంతా ఉంది. డోర్ట్ 2025లో లీగ్ ఉత్తమ రక్షణ జట్టులో చోటు సంపాదించాడు.

ఫ్యాంటసీ లీగ్ ఆడేవాళ్లు. జట్టు ఏదైనా, ఫిబ్రవరిలో మార్పిడుల గడువు ముగిశాక, ఓడిపోతున్న జట్ల టూ వే పేర్లు చూడండి. నిమిషాలు అప్పుడే తెరుచుకుంటాయి.

2025 మే 18న ఓక్లహోమా సిటీ, డెన్వర్ ఏడో మ్యాచ్ దొరికితే మళ్లీ వేసుకుని చూడండి. నికోలా యోకిచ్ ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు. అతని ముందు నిలబడ్డవాడు 6 అడుగుల 5 అంగుళాల కరూసో. బంతి రాకముందే ముందుకు దూరి, నడుముకు నడుము ఆనించి, పాస్ దారికి చెయ్యి అడ్డుపెట్టి, మళ్లీ వెనక్కి జారి, మళ్లీ ముందుకు దూరుతూ ఉంటాడు. యోకిచ్‌కు ఆ రాత్రి తొమ్మిది షాట్లే దొరికాయి. 125-93. ఆ జట్టులో హార్టెన్‌స్టైన్‌ను డబ్బిచ్చి కొన్నారు, డోర్ట్‌ను పెరట్లో పెంచారు. కరూసోను మాత్రం 2017లో తమ అనుబంధ జట్టు నుంచే చేజార్చుకుని, 2024లో జాష్ గిడ్డీని షికాగోకు ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు.